డిటెక్టర్‌కి అసలు చిక్కని డికేలకి లెక్క ఎలా కడతారు? హిగ్స్ 10.7 శాతం సంగతి

వేసవి_సెలవులు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను, హిగ్స్ బోసాన్ మీద సెమినార్ ఇవ్వాలి. దాని కోసం చదువుతుంటే ఒకచోట గట్టిగా చిక్కుపడ్డాను. సెర్న్‌లోని (జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల) అట్లాస్ డిటెక్టర్ బృందం 2023లో ఒక పేపర్ వేసింది. హిగ్స్ కనబడని కణాలుగా డికే అయ్యే (విడిపోయే) వాటా 10.7 శాతం కంటే తక్కువ అని అందులో ఉంది. అక్కడే ఉన్న ఇంకో డిటెక్టర్ సీఎంఎస్ వాళ్ళు 15 శాతం అన్నారు.

నా డౌట్ చాలా మామూలుది. న్యూట్రినో అయినా, డార్క్ మేటర్ కణం అయినా డిటెక్టర్‌ని దాటి వెళ్ళిపోతుంది, ఒక్క సిగ్నల్ కూడా ఇవ్వదు. ఏమీ పడనప్పుడు అది జరిగిందనే ఎలా తెలుస్తుంది, ఇక ఇన్నిసార్లు జరిగి ఉంటుందని దశాంశం దాకా ఎలా చెప్తారు?

ఇంకోటి. ఒక తెలుగు యూట్యూబ్ వీడియోలో "హిగ్స్‌లో పదో వంతు డార్క్ మేటర్‌గా మారుతోందని సెర్న్ తేల్చేసింది" అని చెప్పారు. మా క్లాసులో చాలామంది అదే నమ్ముతున్నారు. తప్పని అనిపిస్తోంది కానీ ఎక్కడ తప్పో సరిగ్గా పట్టుకోలేకపోతున్నాను. సెమినార్‌లో ఎవరైనా లేచి అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఫార్ములాలు వచ్చినా పర్వాలేదు, లెక్క ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తుందో అర్థమైతే చాలు.

నల్లబల్ల

మంచి ప్రశ్న అండి. ముందు హిగ్స్‌ని కాసేపు పక్కన పెట్టి జెడ్ బోసాన్ (బలహీన బలాన్ని మోసే కణం) దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే కనబడని డికేని కొలవడం అన్న పని మొట్టమొదట శుభ్రంగా జరిగింది అక్కడే, అది అర్థమైతే మిగతాది దానంతట అదే వస్తుంది.

జెనీవా దగ్గర ఇప్పుడు ఎల్‌హెచ్‌సీ (ప్రోటాన్లని ఢీకొట్టే యంత్రం) ఉన్న 27 కిలోమీటర్ల సొరంగంలోనే 1989 నుంచి 2000 దాకా లెప్ అనే యంత్రం నడిచింది. ఎలక్ట్రాన్‌నీ పాజిట్రాన్‌నీ ఢీకొట్టేది. మొత్తం శక్తి 91 జీఈవీ (కణాల శక్తికీ, ద్రవ్యరాశికీ వాడే కొలమానం, ఒక జీఈవీ అంటే వెయ్యి ఎంఈవీ) దగ్గరికి వచ్చేసరికి జెడ్ బోసాన్లు కుప్పలుగా పుడతాయి. అలెఫ్, డెల్ఫీ, ఎల్3, ఒపాల్ అనే నాలుగు డిటెక్టర్లు కలిపి దాదాపు 1.7 కోట్ల జెడ్ డికేలని నమోదు చేశాయి. ఎల్3లో ముంబైలోని మన టీఐఎఫ్‌ఆర్ వాళ్ళు కూడా ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం. జెడ్‌కి జీవితకాలం చాలా తక్కువ. అనిశ్చితత్వ సూత్రం ప్రకారం జీవితకాలం ఎంత తక్కువైతే దాని ద్రవ్యరాశి అంత పరుచుకుంటుంది. ఢీకొట్టే శక్తిని 88 జీఈవీ నుంచి 94 దాకా కొంచెం కొంచెంగా పెంచుతూ ఎన్ని జెడ్‌లు పుట్టాయో గ్రాఫ్ గీస్తే కొండ ఆకారంలో ఒక గీత వస్తుంది. ఆ కొండ వెడల్పే జెడ్ మొత్తం విడ్త్, 2495 ఎంఈవీ. గమనించండి, ఈ వెడల్పులో జెడ్ డికే అయ్యే దారులన్నీ చేరిపోయి ఉంటాయి, మనకి కనబడేవీ, కనబడనివీ. కొత్త దారి ఏది తెరుచుకున్నా జెడ్ ఇంకా త్వరగా పోతుంది, కొండ ఇంకా వెడల్పవుతుంది, ఎత్తు తగ్గుతుంది. క్వార్కులుగా (ప్రోటాన్ లాంటివాటి లోపల ఉండే కణాలు) విడిపోయిన జెడ్‌లని మాత్రమే లెక్కపెట్టినా, న్యూట్రినోలుగా పోయిన జెడ్‌ల ప్రభావం ఆ కొండ ఆకారం మీద పడి తీరుతుంది.

తీసివేత చేయండి. క్వార్కులుగా పోయే వాటా 1744 ఎంఈవీ. ఎలక్ట్రాన్, దాని బరువైన రూపాలు మ్యూయాన్, టౌ ఒక్కోదానికి 84 చొప్పున మూడింటికీ కలిపి 252. 2495 లోంచి ఈ రెండూ తీసేస్తే 499 మిగులుతుంది. స్టాండర్డ్ మోడల్ (కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం) ప్రకారం ఒక్కో న్యూట్రినో రకానికి రావాల్సింది 167. 499ని 167తో భాగిస్తే 2.99, అంటే మూడు. నాలుగో రకం తేలిక న్యూట్రినో ఉండి ఉంటే కొండ శిఖరం ఎత్తు పది శాతం పైనే పడిపోయేది, ఎవరి కంటా పడకుండా పోయే తేడా కాదు అది. అందుకే లెప్ మొదలైన కొద్ది నెలలకే, 1989 అక్టోబరులోనే, న్యూట్రినోలు మూడే అని ప్రకటించగలిగారు.

అంటే డిటెక్టర్‌లో ఏమీ పడలేదు కాబట్టి న్యూట్రినో ఉందని వాళ్ళు అనలేదు. కనబడిన వాటిని గట్టిగా కొలిచి, మొత్తాన్ని వేరే దారిలో కొలిచి, రెండింటి మధ్య తేడా చూపించారు. కాబట్టి ఈ పద్ధతికి ప్రాణమంతా కనబడే వాటిని ఎంత కచ్చితంగా కొలిచామన్న దాంట్లోనే ఉంది.

ఆ కచ్చితత్వం కోసం ఎంత దూరం వెళ్ళారో చెప్పకుండా ఉండలేను. బీమ్ శక్తి ఎంతో తెలియకపోతే కొండ ఎక్కడుందో తెలియదు. చంద్రుడి ఆకర్షణకి సముద్రం పొంగినట్టే జెనీవా దగ్గర నేల కూడా కాస్త సాగుతుంది, 27 కిలోమీటర్ల చుట్టుకొలతలో మార్పు ఒక మిల్లీమీటరు మాత్రమే, కానీ దానికే బీమ్ శక్తి దాదాపు 10 ఎంఈవీ దాకా మారేది. జెడ్ ద్రవ్యరాశిని వాళ్ళు 2 ఎంఈవీ తేడాలో చెప్పారు కాబట్టి చంద్రుడి లెక్క వేయక తప్పలేదు. దగ్గర్లో వెళ్ళే ఫ్రెంచి టీజీవీ రైళ్ళ నుంచి నేలలోకి దిగిన కరెంటు యంత్రం పైపుల్లోకి వచ్చి అయస్కాంతాలని కదిలిస్తోందని కూడా కనిపెట్టి సరిచేశారు. కనబడని కణం గురించి ఒక ముక్క చెప్పడానికి రైళ్ళ టైమింగ్ కూడా చూడాల్సి వచ్చింది, నాకు ఈ సబ్జెక్ట్ మీద ప్రేమ పుట్టడానికి ఇలాంటివే కారణం.

దూరపు_చుక్క

నల్లబల్ల గారు చెప్పినదానికి ఒక కొసరు. 2006లో నాలుగు బృందాలూ కలిసి వేసిన చివరి లెక్క 2.984, అటూఇటూ 0.008. మూడుకి రెండు సిగ్మాలు (ఆ 0.008 అనిశ్చితికి రెండింతలు) తక్కువ. న్యూట్రినో జెడ్‌తో కాస్త బలహీనంగా జతకడుతోందేమో, కొత్త ఫిజిక్స్ ఉందేమో అని దీని మీద చాలా పేపర్లు వచ్చాయి. యంత్రం ఆపేసి దాదాపు ఇరవై ఏళ్ళయ్యాక 2019లో కొందరు పాత డేటాని మళ్ళీ తీశారు. ఎన్ని ఢీకొట్టుళ్ళు జరిగాయో లెక్కపెట్టడానికి లెప్‌లో బీమ్ పైపుకి బాగా దగ్గరగా, చిన్న కోణంలో పక్కకి వచ్చే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలని లెక్కపెట్టేవారు. ఎదుటి గుంపు విద్యుదావేశం వాటిని లోపలికి గుంజేస్తోంది, అందువల్ల కొన్ని కౌంటర్‌కి అందకుండా పోతున్నాయి. తేడా 0.1 శాతం మాత్రమే. అంటే ఢీకొట్టుళ్ళ సంఖ్యని తక్కువగా లెక్కేశారు, దాంతో శిఖరం ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించింది, న్యూట్రినోల సంఖ్య తగ్గింది. అది సరిచేసి, ఆ ఢీకొట్టుళ్ళ సైద్ధాంతిక లెక్కని కూడా కొత్తగా వేస్తే వచ్చింది 2.9963, అటూఇటూ 0.0074. రెండు సిగ్మాల తేడా పోయింది.

సెమినార్‌లో ఇది తప్పకుండా పెట్టండి. కనబడని వాటి లెక్కలో తేడా వస్తే ముందు అనుమానించాల్సింది కనబడే వాటి లెక్కనే అని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంకో జాగ్రత్త, ఎవరైనా అడుగుతారు: "న్యూట్రినోలు మూడే" అంటే జెడ్‌తో జతకట్టేవి, జెడ్ ద్రవ్యరాశిలో సగం కంటే, అంటే సుమారు 45 జీఈవీ కంటే తేలికైనవి మూడే అని మాత్రమే. జెడ్‌తో సంబంధం లేని స్టెరైల్ న్యూట్రినోలు ఎన్ని ఉన్నా ఈ లెక్కకి అందవు.

మ్యూయాన్_జంట

ఇక హిగ్స్. నేను ఎల్‌హెచ్‌సీ డేటా మీద పనిచేశాను కాబట్టి ఈ భాగం నేను రాస్తాను.

జెడ్ దగ్గర పనిచేసిన కొండ పద్ధతి హిగ్స్‌కి పనిచేయదు. స్టాండర్డ్ మోడల్ ప్రకారం హిగ్స్ విడ్త్ 4.1 ఎంఈవీ. మన డిటెక్టర్లు హిగ్స్ ద్రవ్యరాశిని ఒక్కో ఘటనలో కొలిచే కచ్చితత్వం 1 నుంచి 2 జీఈవీ, అంటే విడ్త్‌కి కొన్ని వందల రెట్లు. గ్రాఫ్‌లో కనబడే వెడల్పు అంతా డిటెక్టర్‌దే, హిగ్స్‌ది కాదు. పైగా ప్రోటాన్‌లో ఏ క్వార్కు ఎంత శక్తితో వచ్చి ఢీకొట్టిందో మనకి తెలియదు.

కానీ ఒకటి తెలుసు. బీమ్‌కి అడ్డదిశలో ఢీకొనడానికి ముందు ద్రవ్యవేగం దాదాపు సున్నా, కాబట్టి తర్వాత కూడా సున్నాయే అవ్వాలి. క్యారమ్ బోర్డు మధ్యలో పేర్చిన కాయిన్స్‌ని స్ట్రైకర్‌తో నేరుగా పైనుంచి కొట్టారనుకోండి, కాయిన్స్ అన్నీ ఒకవైపుకే చెదిరాయి, రెండో వైపు ఖాళీ. రెండో వైపుకి కూడా ఏదో వెళ్ళింది, మనం చూడలేదంతే. దీన్నే మిస్సింగ్ ట్రాన్స్‌వర్స్ మొమెంటమ్ అంటాం.

అయితే హిగ్స్ ఒక్కటే పుట్టి పూర్తిగా కనబడకుండా పోతే చెదిరేవి ఏవీ ఉండవు, ఆ ఘటనని రికార్డ్ చేయడానికి ట్రిగ్గర్ కూడా పేలదు. కాబట్టి హిగ్స్ వేరే వాటితో కలిసి పుట్టిన ఘటనలు కావాలి. అన్నిటికంటే బాగా పనిచేసేది వెక్టర్ బోసాన్ ఫ్యూజన్. రెండు ప్రోటాన్ల నుంచి ఒక్కో క్వార్కు ఒక్కో డబ్ల్యూనో (జెడ్‌కి తోడు కణం) జెడ్‌నో విసురుతుంది, ఆ రెండూ కలిసి హిగ్స్ అవుతుంది, విసిరిన క్వార్కులు రెండూ ముందుకీ వెనక్కీ, బీమ్‌కి దగ్గరగా రెండు జెట్‌లుగా (కణాల ధారలుగా) వెళ్ళిపోతాయి. మధ్యలో డిటెక్టర్ ఖాళీ, అడ్డదిశలో ద్రవ్యవేగం లెక్క కుదరదు. మనం వెతికేది ఇదే. 2015 నుంచి 2018 దాకా జరిగిన రన్ 2లో అట్లాస్ దగ్గర ఈ దారిలో దాదాపు 5 లక్షల హిగ్స్‌లు పుట్టి ఉంటాయి. వాటిలో మన కోతలన్నీ (ఘటనల్ని ఎంచే షరతులు) దాటి మిగిలేవి చాలా చాలా తక్కువ.

కష్టమంతా బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంది. జెడ్ పుట్టి న్యూట్రినోలుగా పోయి, పక్కన రెండు జెట్‌లు ఉంటే అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఒక్కో ఘటన చూసి ఇది జెడ్, ఇది హిగ్స్ అని ఎవరూ చెప్పలేరు. అందుకని ఏం చేస్తామంటే, జెడ్ మ్యూయాన్ జంటగా డికే అయిన ఘటనలు తీసుకుంటాం, అవి శుభ్రంగా కనబడతాయి. వాటిలోంచి ఆ రెండు మ్యూయాన్లనీ లెక్కలోంచి తీసేసి, అవి లేనట్టే మిగతా ఘటనని మళ్ళీ కొలుస్తాం. అప్పుడు అది న్యూట్రినో ఘటనలాగే కనిపిస్తుంది. జెడ్ న్యూట్రినోలుగా పోయేది 20 శాతం, మ్యూయాన్లుగా 3.4 శాతం అని లెప్ పుణ్యమా అని మనకి ముందే తెలుసు, కాబట్టి నిష్పత్తి వేసి బ్యాక్‌గ్రౌండ్ ఎంతో చెప్తాం. ఎలక్ట్రాన్ జంటలతోనూ, డబ్ల్యూ ఘటనలతోనూ ఇదే పని మళ్ళీ చేస్తాం. నాకు రాత్రుళ్ళు నిద్ర లేకుండా చేసింది ఈ భాగమే. మ్యూయాన్ ఘటనలు న్యూట్రినో వాటిలో ఆరో వంతే ఉంటాయి, వాటి సంఖ్య తక్కువ కాబట్టి అక్కడ ఉన్న అనిశ్చితి నేరుగా ఫలితంలోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ 10.7 శాతం. బ్యాక్‌గ్రౌండ్ ఇంత రావాలి అని లెక్కేశాం, డేటాలో వచ్చింది దానికి సరిపోయింది, అనిశ్చితి లోపల. మరి హిగ్స్‌లో ఎంత వాటా కనబడకుండా పోతూ ఉన్నా ఆ సంగతి ఈ అనిశ్చితిలో దాక్కోగలదు? 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 10.7 దాకా. అంతకంటే ఎక్కువ ఉంటే మాకు కనబడి ఉండేది. సున్నా అయినా ఈ డేటాకి ఇబ్బంది లేదు. మీ యూట్యూబ్ వీడియోలో తప్పు ఇక్కడుంది, గరిష్ఠ పరిమితిని కొలిచిన విలువగా చెప్పేశారు. స్టాండర్డ్ మోడల్‌లో కూడా హిగ్స్ రెండు జెడ్‌లుగా, అవి నాలుగు న్యూట్రినోలుగా పోయే దారి ఒకటి ఉంది, దాని వాటా దాదాపు 0.1 శాతం. అంటే మనం ఇంకా దానికి వంద రెట్లు పైనే ఉన్నాం.

డార్క్ మేటర్ మాట ఎందుకు వస్తుందంటే, దాని కణం హిగ్స్‌తో జతకడుతూ, ద్రవ్యరాశి 62.5 జీఈవీ కంటే తక్కువగా ఉంటే హిగ్స్ దాని జంటగా డికే కావాలి. కాబట్టి ఈ పరిమితి అలాంటి సిద్ధాంతాలని నొక్కి పెడుతుంది. కానీ కనబడకుండా పోయేది డార్క్ మేటరే అని ఎల్‌హెచ్‌సీ ఎప్పటికీ ఒంటరిగా చెప్పలేదు. ఆ కణం డిటెక్టర్ దాటే దాకా బతికి, తర్వాత డికే అయిపోయినా మాకు తేడా తెలియదు. దక్షిణ డకోటాలో గని లోపల డార్క్ మేటర్‌ని నేరుగా వెతుకుతున్న ఎల్‌జెడ్ లాంటి ప్రయోగంలో కూడా కనబడాలి.

వేసవి_సెలవులు

చాలా చాలా థాంక్స్ అండి, మ్యూయాన్లని తీసేసి చూడడం అన్న మాట దగ్గర ఒక్కసారిగా వెలిగింది. ఇంకో డౌట్. అట్లాస్ 2022 నేచర్ పేపర్‌లో కనబడని డికేలకి 13 శాతం అని ఒకటి, "గుర్తించని" డికేలకి 12 శాతం అని ఇంకోటి విడివిడిగా ఇచ్చారు. రెండూ ఒకటి కాదా? ఎందుకు విడదీశారు? అలాగే, ఈ లెక్కలో ఏదైనా చిన్న భాగం ప్రాజెక్టుగా మేమే చేయొచ్చా?

నల్లబల్ల

ఒకటి కాదండి, ఈ తేడా చాలామంది వదిలేస్తారు. కనబడనివి అంటే అడ్డదిశలో ద్రవ్యవేగం లోటుగా తేలేవి, మ్యూయాన్_జంట గారు చెప్పినవి. గుర్తించనివి అంటే డిటెక్టర్‌లో పడతాయి కానీ జనంలో కలిసిపోతాయి. హిగ్స్ రెండు గ్లూవాన్లుగా (క్వార్కులని కలిపి పట్టుకునే కణాలు) పోయేది సుమారు 8 శాతం. జెట్‌లు బ్రహ్మాండంగా కనబడతాయి, కానీ ప్రోటాన్లు ఢీకొంటే వచ్చే మామూలు జెట్‌ల వరదలో అవి హిగ్స్ నుంచి వచ్చాయని ఎవరూ విడదీయలేరు. గ్లూవాన్ల సంగతి సిద్ధాంతం నుంచి తెలుసు కాబట్టి సరే, అలాగే మనకి తెలియని కొత్త తేలిక కణాలు జెట్‌లుగా మారిపోతుంటే? వాటి కోసం ఏ సిగ్నల్ వెతకాలో కూడా తెలియదు.

ఇక్కడ మళ్ళీ పాత తీసివేత పద్ధతే, కానీ ఒక లోపంతో. హిగ్స్ ఫోటాన్లుగా, జెడ్ జంటగా, టౌ జంటగా డికే అయిన ఘటనల సంఖ్య కొలుస్తాం. గుర్తించని దారి ఒకటి ఉంటే వీటన్నిటి వాటా ఒకేలా తగ్గాలి. తగ్గలేదు కాబట్టి పరిమితి వస్తుంది. లోపం ఏంటంటే మనం కొలిచేది ఎన్ని హిగ్స్‌లు పుట్టాయి, వాటిలో ఎంత వాటా ఇలా డికే అయింది అన్న రెండింటి గుణకారం. హిగ్స్ అన్నిటితోనూ కాస్త గట్టిగా జతకట్టి ఎక్కువ పుడుతూ, అదే సమయంలో కొంత వాటా గుర్తించని దారిలో పోతుంటే గుణకారం మారదు, మనకి ఏమీ తెలియదు. జెడ్‌కి కొండ వెడల్పు వేరేగా కొలిచాం కాబట్టి ఈ సమస్య రాలేదు. ఇక్కడ ఆ వెడల్పు మన చేతిలో లేదు. అందుకని అట్లాస్ వాళ్ళు డబ్ల్యూ, జెడ్‌లతో హిగ్స్ జతకట్టే బలం స్టాండర్డ్ మోడల్ విలువని దాటదు అని ఒక షరతు పెట్టుకున్నారు. చాలా సిద్ధాంతాల్లో అది నిజమే, కానీ అన్నిట్లో కాదు. 12 శాతం అన్న అంకె ఆ షరతుతో వచ్చింది, సెమినార్‌లో ఆ అంకె చెప్తే ఆ షరతు కూడా చెప్పండి.

షరతు లేకుండా కొలవాలంటే మళ్ళీ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ యంత్రమే కావాలి. 240 జీఈవీ దగ్గర ఢీకొడితే జెడ్, హిగ్స్ జంటగా పుడతాయి. మొదట ఉన్న శక్తి పూర్తిగా తెలుసు, జెడ్ నుంచి వచ్చిన రెండు మ్యూయాన్లని కొలిస్తే మిగిలిన దాని ద్రవ్యరాశి ఎంతో వస్తుంది, అది 125 జీఈవీ దగ్గర కుప్పపడితే అవి హిగ్స్‌లు. హిగ్స్‌ని అసలు చూడనే అక్కర్లేదు, అది ఏమై పోయినా లెక్కలోకి వస్తుంది. సెర్న్‌లో 91 కిలోమీటర్ల కొత్త రింగు కావాలని అడుగుతున్న వాళ్ళు ముందు పెట్టే కారణాల్లో ఇది ఒకటి, నా వరకు ఇదే అన్నిటికంటే బలమైనది.

సాయంత్రం_బండి

హిగ్స్, జెడ్‌లే కాదు, మనకి దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. జపాన్‌లోని త్సుకుబాలో బెల్ 2 ప్రయోగం నడుస్తోంది, అందులో ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి. అక్కడ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొని బీ మేసాన్లు (బరువైన క్వార్కు ఉన్న కణాలు) సరిగ్గా జంటగా పుడతాయి, ఆ జంటతో పాటు ఇంకేమీ పుట్టదు. కాబట్టి ఒక బీని పూర్తిగా పునర్నిర్మిస్తే, మిగిలిందంతా రెండో బీ నుంచి వచ్చినట్టే. ఆ రెండో వైపు ఒక్క కేయాన్ (బీ కంటే తేలికైన మేసాన్) మాత్రమే ఉండి మిగతా శక్తి మాయమైతే, అది కేయాన్, న్యూట్రినో జంటగా పోయిన డికే కావచ్చు. ఇలా ఒక బీని పూర్తిగా కట్టకుండా, మిగతా ఘటన ఆకారాన్ని చూసి పట్టుకునే పద్ధతి కూడా వాడారు, ఎక్కువ బలం దాని నుంచే వచ్చింది. 2023లో వాళ్ళు చెప్పిన వాటా 10 లక్షల్లో 23, అటూఇటూ 7. స్టాండర్డ్ మోడల్ చెప్పేది 10 లక్షల్లో 5 చిల్లర. తేడా 2.7 సిగ్మా. దూరపు_చుక్క గారు చెప్పిన 2.984 కథ గుర్తుపెట్టుకుని ఇంకొంచెం డేటా కోసం ఆగడం మంచిదని నా అభిప్రాయం, కానీ న్యూట్రినోలు కాకుండా ఇంకేదో కనబడకుండా పోతోందేమో అన్న ఆశ నాకూ ఉంది.

మ్యూయాన్_జంట

ప్రాజెక్టు సంగతి. చేయొచ్చు. అట్లాస్ 2020లో 13 టీఈవీ (ఒక టీఈవీ అంటే వెయ్యి జీఈవీ) డేటా కొంత విద్యార్థుల కోసం ఉచితంగా విడుదల చేసింది, సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఉంది. హిగ్స్ పరిమితి జోలికి వెళ్ళకండి, అది పెద్ద పని. రెండు మ్యూయాన్లు ఉన్న ఘటనలు తీసుకుని ద్రవ్యరాశి గ్రాఫ్ గీయండి, 91 దగ్గర జెడ్ కనిపిస్తుంది. తర్వాత ఆ మ్యూయాన్లని తీసేసి, మిగిలిన ఘటనలో అడ్డదిశ లోటు ఎంతో గ్రాఫ్ వేయండి. దానిని మ్యూయాన్ జంట ద్రవ్యవేగం గ్రాఫ్ పక్కన పెట్టి చూడండి, రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, ఎందుకు. తక్కువ విలువల దగ్గర జెట్ కొలతల్లో తప్పుల వల్ల విడిపోతాయి, పైకి వెళ్ళే కొద్దీ దగ్గరవుతాయి. పైథాన్ వస్తే ల్యాప్‌టాప్ మీదే అయిపోతుంది. ఫైళ్ళు చదవడానికి అప్‌రూట్ అనే లైబ్రరీ వాడండి, ఎక్కడైనా ఆగితే కోడ్ ఇక్కడే పెట్టండి, చూస్తాను.